తాళాలాయన ఒంటరి షికారు

ఆ ఆదివారం పొద్దున్నే తాళాలాయన మోటారు సైకిల్ తుడుచుకుని, సముద్రం పక్క రోడ్డు మీద ఒక్కడే తీరిగ్గా చివరిదాకా వెళ్ళి రావాలని నిశ్చయించుకున్నాడు. వారమంతా తాళంచెవులు పారేసుకున్నవాళ్ళు ఆయన ప్రాణం తోడేస్తారు. అందుకని ఫోన్ కూడా బల్ల మీదే వదిలేశాడు.

"అది పట్టుకెళ్తే ఊరంతా నా వెనకాల ఎక్కి కూర్చుంటుంది," అన్నాడు.

"ఊరి సంగతి సరే. నేను కూడా బరువేనా?" అంది భార్య, కుట్టుమిషన్ మీదినుంచి తలెత్తకుండా.

"నువ్వొస్తే మెల్లగా పొమ్మంటావు. మెల్లగా పోతే ఇంటికెప్పుడు చేరతామంటావు. ఇవాళ్టికి నన్నొదిలెయ్యవే."

"వెళ్ళండి మహారాజులా. ఎవరొద్దన్నారు?"

వద్దనడం కంటే ఆ 'ఎవరొద్దన్నారు' ప్రమాదమని ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకి తెలియకపోలేదు. గేటు దగ్గర బండి స్టార్ట్ చేశాడు, ఆపాడు, దగ్గాడు, మళ్ళీ స్టార్ట్ చేశాడు. లోపల మిషన్ చప్పుడు ఆగలేదు. వెళ్ళిపోయాడు.

అందరూ టైలరమ్మ అని పిలిచే ఆవిడకి ఒక అలవాటుంది. ఇంట్లోంచి ఎవరు వెళ్తున్నా వీధి మలుపు తిరిగేదాకా నిలబడి చూడాలి. చిన్నప్పుడు ఒక తెల్లవారుజామున, ఆవిడ నిద్రలో ఉండగా వాళ్ళ నాన్న ఊరెళ్ళాడు. మళ్ళీ రాలేదు. అప్పటినుంచి పాలవాణ్ణి కూడా మలుపుదాకా కళ్ళతో సాగనంపుతుంది. అలాంటి మనిషి ఇవాళ పంతానికి పోయి గుమ్మంలోకి రాలేదు. బండి చప్పుడు ఆగిపోగానే పంతమూ ఆగిపోయింది. చూసుకుంటే చొక్కాకి రెండు చేతులూ ఒకే పక్క కుట్టేసి ఉన్నాయి.

వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది. అతను బేకరీ వ్యాన్ నడుపుతాడు. ఆ వారమే దానికి తెల్లరంగు వేయించారు, పేరు ఇంకా రాయించలేదు.

"ఒరేయ్, నువ్వెళ్ళేది సముద్రం రోడ్డునే కదా? మీ బావ వెనకాలే ఉండరా కాస్త. కనబడకు. కనబడితే నా పరువు పోతుంది."

"ఇంత వ్యాన్ పెట్టుకుని కనబడకుండా ఎలా అక్కా?"

"ఆయన సముద్రాన్ని తప్ప ఎవర్నీ చూడడులే."

కాసేపటికి తమ్ముడు ఫోన్ చేశాడు. "బావ దొరికాడక్కా. కానీ ఏం నడపడం అది! ఇందాక ఒక మేక దాటిపోయింది."

"నువ్వు మాత్రం దాటకు."

"దాటడానికి చోటేది? ఇటు కొండ, అటు సముద్రం. పైగా పొగమంచు. లైట్లేసుకుని పాకుతున్నాను."

మరికాసేపటికి మళ్ళీ చేశాడు. "వెనకాల బోలెడు బళ్ళు చేరాయక్కా. అందరూ లైట్లేసుకున్నారు. ఒక్కడు హారన్ కొడితే ఒట్టు! ఎంత మర్యాదస్తులో!"

"మీ బావో?"

"పువ్వులా పోతున్నాడు. అన్నట్టు, రోడ్డు పక్కన జనం లేచి నిలబడుతున్నారే. వ్యాన్ రంగు బాగా కుదిరినట్టుంది."

అంతటితో సిగ్నల్ పోయింది.

ముందొక మోటారు సైకిల్, వెనక పేరూ ఊరూ లేని తెల్ల వ్యాన్, దాని వెనక నోరెత్తకుండా పాకే బళ్ళు. చూసినవాళ్ళు ఎవరో పోయారనుకున్నారు. వరసలో ఎవరో ముందున్న బండిని గుర్తుపట్టి "అది తాళాలాయన బండి" అన్నారు. పాపం, పోయినవాడి బండిని ముందు నడిపిస్తున్నారు కాబోలని పక్కవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. తాళాలాయన ఊళ్ళోకి తిరిగి రాకముందే ఆయన చావు కబురు వచ్చేసింది.

పక్కింటావిడ చెప్పులైనా లేకుండా పరిగెత్తుకొచ్చింది. "వదినా, నువ్వు ముందు కూర్చో."

"కూర్చునే ఉన్నానుగా!"

"అయితే లేవకు. అన్నయ్యగారిని... తెల్ల వ్యాన్‌లో తీసుకెళ్తున్నారట."

తెల్ల వ్యాన్ అనగానే టైలరమ్మ లేచి నిలబడింది. వెనకాలే ఉండమని తమ్ముణ్ణి పంపింది తనే. ఏదైనా జరిగితే వాడు కాక ఎవరు ఎక్కించుకుంటారు? ఫోన్ చేస్తే కలవలేదు. పొద్దున ఆయన దగ్గిన దగ్గు గుర్తొచ్చింది. అది దగ్గు కాదు, పిలుపు. ఆయన గేటు దగ్గర నిలబడి పిలిస్తే తను చొక్కా చేతులు కుడుతూ కూర్చుంది.

పక్కింటావిడ స్కూటర్ వెనక కూర్చుని వెళ్తుంటే బళ్ళ వరస తోక దొరికింది. "భార్యట, దారివ్వండి" అని మాట ముందుకు పాకింది. బళ్ళు ఓరగా జరిగాయి. కిటికీల్లోంచి చేతులు జోడించారు. ఎవరో మంచినీళ్ళ సీసా ఒళ్ళో పడేశారు. ఆవిడ ఎవర్నీ చూడలేదు.

రోడ్డు అయిపోయిన చోట జనం గుమిగూడి ఉన్నారు. వ్యాన్ తలుపు దగ్గర ఒక పెద్దమనిషి తమ్ముణ్ణి బతిమాలుతున్నాడు.

"చివరిసారిగా ఒక్కసారి చూడనివ్వు బాబూ."

"చివరిసారేంటండీ? రోజూ తెస్తాంగా. పొద్దున్న వేడివేడిగా ఎక్కించినవే," అంటున్నాడు తమ్ముడు.

"తియ్యరా తలుపు!" అని అరిచింది టైలరమ్మ.

తలుపు తెరిచాడు. లోపల అరలనిండా బన్నులు.

అటు పక్క, గోడ మీదికెక్కి ఒక రిటైరైన మాస్టారు ఉపన్యాసమిస్తున్నాడు. "ఆయన చెయ్యి తగిలితే తెరుచుకోని తలుపు లేదు! అటువంటి చెయ్యి నేడు లేదు!" జనం ముక్కులు చీదుకుంటున్నారు. అందరికంటే వెనకాల, హెల్మెట్ చంకలో పెట్టుకుని, తల వంచుకుని, తాళాలాయన కూడా కళ్ళొత్తుకుంటున్నాడు.

టైలరమ్మ వెళ్ళి ఆయన చొక్కా పట్టుకుంది.

"నువ్విక్కడేంటే?" అని ఆశ్చర్యపోయి, గొంతు తగ్గించాడు. "ఎవరో పోయారట. నాకు తెలీదు కానీ, చాలా మంచివాడట."

"మీరే!" అంది ఆవిడ.

"నేనేంటి?"

"పోయింది మీరేనండీ!" అని వీపు మీద ఒకటి వేసి, ఆ వీపుకే తల ఆనించి బావురుమంది. "నేను గుమ్మంలోకి రాలేదు. మీరు దగ్గారు, నేను రాలేదు."

ఇన్ని తాళాలు విప్పినవాడు, భార్య గుప్పిట్లో చిక్కిన చొక్కా విడిపించుకోలేక అలాగే నిలబడ్డాడు. "వచ్చావుగా, ఇంత దూరం," అన్నాడు మెల్లగా.

సంగతి తెలిసేసరికి జనం మొహమొహాలు చూసుకున్నారు. పోలేదన్నందుకు సంతోషించాలో, ఇంతసేపూ ఏడిపించినందుకు తిట్టాలో ఎవరికీ తోచలేదు. "సగమే అయింది," అని మాస్టారు మాత్రం గోడ దిగడానికి ఒప్పుకోలేదు. తమ్ముడు బన్నులు పంచిపెట్టాక అందరి మనసులూ కుదుటపడ్డాయి. పూర్తి చేసేస్తాను, వినండని మాస్టారు నిండు నోటితో బతిమాలాడు.

"ఎక్కు," అన్నాడు తాళాలాయన. ఆవిడ వెనక ఎక్కి కూర్చుంది.

వెనక్కి రావడానికి అదొక్కటే రోడ్డు కాబట్టి, బళ్ళన్నీ వాళ్ళ వెనకాలే బయల్దేరాయి. మంచు విడిపోయింది. ఈసారి హారన్లు కొట్టేవాళ్ళు, ఈలలేసేవాళ్ళు, బన్ను నముల్తూ నవ్వేవాళ్ళు. ఎదురైనవాళ్ళు పెళ్ళి ఊరేగింపనుకుని పక్కకి జరిగి చప్పట్లు కొట్టారు. ఒక ముసలావిడ మాత్రం, ఈ వయసులో వీళ్ళకి పెళ్ళేమిటమ్మా అని మూతి తిప్పుకుంది.