పొడిగించని గడువు

శైలజకు వచ్చిన డిగ్రీ సీటు మాయమైంది.

ఈ దుర్వార్త మానవపాడులో పొక్కగానే విచారణాధికారిగా నన్ను నేనే నియమించుకున్నాను. కాలేజీలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. ఊళ్లో ఇంకెవరికుంది ఆ అర్హత?

గడువుల్లో మొదటిది మామూలు గడువు. మర్యాదస్థులెవరూ దాన్ని పట్టించుకోరు. తర్వాత ఆలస్య రుసుముతో గడువు; ఫారం ఎక్కడ పెట్టామో వెతకడం అప్పుడు మొదలవుతుంది. ఆపైన పొడిగించిన గడువు, చివరి గడువు, తుది గడువు. అదీ దాటాక 'విద్యార్థుల విజ్ఞప్తి మేరకు' మరొకటి. ఊరికి ఈ శాస్త్రం నేర్పింది నేనే. నా సలహా విన్నాక తొందరపడినవారు ఒక్కరూ లేరు.

శైలజకు గద్వాలలో బీఎస్సీ సీటు మొదటి విడతలోనే వచ్చింది. ఆ సీటు కావాలని శనివారంలోగా ఆన్‌లైన్‌లో ఒప్పుకోవాలి. సీటు వచ్చిన సంగతే పిల్లకు తెలియదు. సోమవారం చూసుకుంటే రద్దు.

"ఇగ నాతోని సీడుపత్తి చేన్లకే కూలికి వస్తది సారూ" అంది తల్లి రూతమ్మ. "పదేండ్ల సంది ఆ పిల్లను చేన్ల అడుగు వెట్టనియ్యలే."

విచారణ ముమ్మరం చేశాను. ముందుగా సర్వర్‌ను అనుమానించి, తల్లీకూతుళ్లిద్దరినీ వెంటబెట్టుకుని నెట్ సెంటర్ కురుమూర్తి దగ్గరికి వెళ్లాను.

"ఆ దినం సర్వర్ గుర్రం లెక్క ఉరికింది సార్. తారీఖు గుడ పొడిగియ్యలే" అన్నాడు.

"మరి పిల్లకు మెసేజ్ ఎందుకు రాలే?"

"ఫారంల ఉన్న నంబరుకు వోయింది."

కూలికి వలసపోయేవాళ్ల సిమ్ములు ఊరూరా మారతాయి. అందుకే మా వీధి పిల్లల ఫారాల్లో చదువుకున్న మనిషి నంబరు రాయడం ఆనవాయితీ. కురుమూర్తి ఆ నంబరుకు ఫోన్ కొట్టాడు.

నా జేబు మోగింది.

శైలజ నా జేబు వంకే చూస్తోంది. నేరస్థుడు అన్నీ తనంతట తానే ఒప్పుకున్నాడు:

"నేనే రూతమ్మా. మెసేజ్ వచ్చింది, చదివిన. శనారం ఆఖరు అని ఉండె. ముప్పై ఏండ్ల సంది సూస్తున్న, సర్కారు చెప్పిన తారీఖు మీద ఎన్నడన్న నిలవడ్డదా? ఉత్తగ పిల్లను పరేషాన్ చేసుడు ఎందుకని ఫోను జేబుల వెట్టిన. ఇంక పదకొండు మంది పిల్లల మెసేజులున్నయి ఈ ఫోనుల. తెరిచి సూడనీకి చేతులొస్తలేవు."