గ్రీనిచ్ టైములో వేదవల్లి కచేరీ

చేతి డైరీని లైనక్స్ కంప్యూటర్‌కి తగిలించుకోవడం చేతకాకనే మన కాపురాలు ఇలా ఉన్నాయని నా నిశ్చితాభిప్రాయం. అనుమానం ఉంటే తిరుపతిలో ఫిజిక్స్ లెక్చరర్ వాసుదేవ్ సంగతి వినండి.

ఫోన్లు ఇంకా తెలివిమీరని రోజుల్లో అతను అరచేతిలో ఇమిడే ఎలక్ట్రానిక్ ఆర్గనైజర్ కొన్నాడు. పుల్లలాంటి పెన్నుతో తెర మీద గీకితే చాలు, పనులూ వేళలూ అందులో చేరిపోతాయి. వాటిని కంప్యూటర్‌లోకి కూడా ఎక్కించాలిగదా? దాంతో వచ్చిన సీడీ విండోస్‌కే పనికొస్తుంది. ఇంట్లో ఉన్నది ఎవరైనా విప్పి చూసుకోగల లైనక్స్.

వాసుదేవ్ స్వేచ్ఛావాది. లోపల ఏముందో చూడనివ్వని సాఫ్ట్‌వేర్‌ని గడప తొక్కనివ్వడు. స్వేచ్ఛ ఊరికే వస్తుందా? ఆర్గనైజర్‌ని స్టాండులో పెట్టి బటన్ నొక్కితే, అలాంటి వస్తువేదీ లేదనేది కంప్యూటర్. జర్మనీలో ముక్కూమొహం తెలియని మనిషెవరినో ఇంటర్నెట్‌లో అడుగుతూ, అతను చెప్పిన కమాండ్లు కొడుతూ ఆదివారాలన్నీ గడిపేశాడు.

పెళ్లయ్యాక పాట మానేసిన అతని భార్య వేదవల్లి ఆ ఆదివారాల్లోనే మళ్లీ సాధన మొదలుపెట్టింది. మొగుడు యంత్రం ముందు కూర్చోవడం సంగీతానికి ఎంత మేలో చూడండి! చిత్తూరులో ఒక సభవాళ్లు ఆమెను కచేరీకి పిలిచారు. మొదటి కచేరీ. వాసుదేవ్ పొంగిపోయి, తేదీనీ వేళనీ ఆర్గనైజర్‌లో గీకాడు. ఆ వారమే రెండు యంత్రాలూ కలిసి, ఒకదానిలో ఉన్నవి రెండోదానిలో చేరిపోయాయి కూడా.

ముందురోజు సాయంత్రం చిత్తూరులో చెల్లెలింటికి బయల్దేరుతూ వేదవల్లి గుమ్మంలో ఆగింది. "రేపు కచేరీ..."

"నువ్వు చెప్పే పనే లేదు. అంతా ఇందులో ఉండాది" అన్నాడు, జేబు తట్టి.

ఆమె వెళ్లి బస్సెక్కింది.

మర్నాడు తెర మీద మూడున్నర అని ఉంది. వాసుదేవ్ నింపాదిగా భోంచేసి, మల్లెపూలు కొనుక్కుని, మూడుకల్లా చిత్తూరు హాలు చేరాడు. వాచ్‌మన్ కుప్పుస్వామి జంఖానాలు చుడుతున్నాడు.

"కచేరీ ఇంకా మొదలుపెట్టలేదా?"

"పొద్దన పదికే అయింది గదా సార్. ఎవురో తిరపతి అమ్మ పాడినాది. జనం లేస్తే ఒట్టు" అన్నాడు కుప్పుస్వామి. "ఆయమ్మ మాత్రం మాటిమాటికీ వాకిలి పక్కే సూస్తా ఉండె."

పూలపొట్లం పట్టుకుని వాసుదేవ్ మరదలింటికి వెళ్లాడు. కంప్యూటర్‌లో క్యాలెండర్ పెట్టినప్పుడు ఏ దేశమని అడిగితే తొందరలో ఎంటర్ నొక్కేశాననీ, అది పదిని లండన్ దగ్గరి గ్రీనిచ్ టైమనుకుని, మన టైములోకి మార్చి మూడున్నర చేసిందనీ భార్యకు వివరించాడు. ఫిజిక్స్ ప్రకారం వివరణలో తప్పులేదు.

"అయితే నేను ఈడ పాడతా ఉంటే మీరు లండన్లో ఉండినారన్నమాట" అంది వేదవల్లి. పూలు మాత్రం చెల్లెలికిచ్చింది.

వాసుదేవ్ ఊరుకునే మనిషి కాదు. మళ్లీ జర్మనీని అడిగి ఆ లోపం సరిచేసి, వంటింట్లోకి వచ్చి ప్రకటించాడు. "ఇప్పుడు రెండూ చక్కగా మాట్లాడుకుంటా ఉండాయి."

"మంచిదే. ఇంట్లో ఎవురో ఒకరు మాట్లాడుకోవాల గదా" అంది ఆమె, పోపు వేస్తూ.

అతను చిత్తూరులో ఏమేం పాడావని అడిగాడు. ఆమె పోపు గిన్నె మీద మూత పెట్టింది.

కొన్నాళ్లకు తిరుపతిలోనే మరో కచేరీ కుదిరింది. "ఎప్పుడు?" అన్నాడు వాసుదేవ్.

"దాంట్లో లేదా?"

"ఉండాది. నువ్వు చెప్పు."

ఇప్పుడైనా ఒప్పుకుంటారా? అంత గొప్ప యంత్రాన్నీ, అంత స్వేచ్ఛగల సిస్టమ్‌నీ, ఒక జర్మన్ పెద్దమనిషినీ కలిపితేగానీ ఒక మొగుడు పెళ్లాన్ని ఆ ముక్క అడగలేదు.

వేదవల్లి అతని చేతులకేసి చూసింది. ఖాళీగానే ఉన్నాయి.

"శనివారం ఆరుకి" అంది. "మన టైముకి."