మగ్గం గుంతలో కొత్త జాయినింగ్

పిల్లి ఉన్న ఇంట్లోకి కుక్కపిల్ల రావడమంటే పరిపాలనలోకెల్లా సున్నితమైన ఘట్టం. నల్లగొండ జిల్లాలో ఈ సంగతిని మొదట గుర్తించిన అధికారి రఘుపతి. ఆయన ఒక సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాడు. (అక్కడ ఆయన మధ్యాహ్నపు కునుకుకు ఏ జీవో అడ్డం రాలేదు.)

బస్టాండులో దొరికిన కుక్కపిల్లను బిడ్డ నిహారిక చున్నీలో చుట్టుకొచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. అది ఆయన బొటనవేలు చీకింది. అంతే, పెద్దాయన ప్రాణం దాని మీదకు పోయింది.

"మల్లి అలిగి పోయిందనుకో, గీ కుక్కపిల్ల గూడ ఇంట్ల ఉండది," అంది భార్య సుగుణమ్మ, మగ్గం మీంచి దిగకుండానే. మల్లి అంటే ఇంటి పిల్లి. "మగ్గానికెక్కిచ్చిన గంజి నూలు, గీ పడుగంటే ఎలుకలకు పాయసం. ఇన్నేండ్ల సంది కాపాడింది అదే."

రఘుపతి ప్రొసీజరు ప్రకారమే పోయాడు. ముందు ముఖాముఖి నిషేధించాడు. కుక్కపిల్ల పడుకున్న తువ్వాలను పిల్లి గిన్నె కింద, పిల్లి పడుకున్న పాత లుంగీని కుక్కపిల్ల బుట్టలో పరిచి, వాసనల ద్వారా ఉత్తరప్రత్యుత్తరాలు నడిపించాడు. తర్వాత తలుపు సందులోంచి దర్శనం. మల్లి వీపు వంచి బుస్సుమంది. (అభ్యంతరం నమోదైంది.) కుక్కపిల్ల తోక ఊపింది. (వివరణ సంతృప్తికరంగా లేదు.)

"బాపూ, ఇంక కొన్ని దినాలు ఆగరాదే," అంది నిహారిక.

"జూనియరే సీనియర్ సీటుకాడికి పోయి కలవాలె బిడ్డా. గది పద్ధతి," అంటూ ఆయన కుక్కపిల్లను మగ్గం కింద నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే గుంతలోకి దింపాడు. మల్లి ఆఫీసు అదే.

మల్లి లేచింది. చెంప మీద ఒక్కటి పీకి మళ్లీ పడుకుంది. కుక్కపిల్ల కాసేపు ఆలోచించి, దాని పొట్టకు ఆనుకుని ముడుచుకుని తానూ పడుకుంది. రఘుపతి కళ్లలో నీళ్లు తిరిగాయి.

వారం గడిచింది. ఒక పొద్దున పడుగు పోగులు తెగి వేలాడుతున్నాయి. గుంతలో రెండూ ఒకదాని మీద ఒకటి కాలేసి నిద్రపోతున్నాయి. కొత్తోడున్నాడు కదా అని మల్లి, సీనియర్ ఉంది కదా అని కుక్కపిల్ల. పైన ఎలుక తీరిగ్గా గంజి నాకుతోంది. (రెండు శాఖల మధ్య సమన్వయం పూర్తిగా కుదిరింది.)

"దోస్తానా చేపిచ్చినవు గద! ఇగ ఎలుకలను నువ్వే కొట్టు," అని సుగుణమ్మ ఆయన చేతిలో కర్ర పెట్టింది.

కుక్కపిల్ల కొలువు నిలిచినందుకు రఘుపతి సంతోషంగానే కాపలా కూర్చున్నాడు. మధ్యాహ్నమైంది. కింద రెండూ గురకలు పెడుతున్నాయి. తాను కునుకు తీసినన్నేండ్లు ఆఫీసులో పని ఎవరు చేశారన్న అనుమానం ఆయనకు మొదటిసారి వచ్చింది.