క్లైవ్ పోయిన పూట

ఆగస్టు ఒకటో తేదీ ఉదయం ఏడు గంటలకు గ్లెనిస్ టాండీ ఓవెన్‌లోంచి రొట్టె తీసి, అడుగు తట్టి చూసి, ఈ రోజు మధ్యాహ్నం దాకా తను నోరు విప్పకుండా ఉంటే చాలు, అంతా సవ్యంగా జరిగిపోతుందని అనుకుంది.

ఆ రోజు లామాస్, తొలి పంట పండుగ. వెన్‌బరీ ఊళ్ళో, ప్రకృతిని కొలిచే విక్కా మతం వాళ్ళ బృందానికి గ్లెనిస్ ఇరవై రెండేళ్ళుగా ప్రధాన పూజారిణి. బృందంలో ఉన్నది ఏడుగురు. ఏడాదికి ఎనిమిది పండుగలు, పున్నమికో పూజ. ఇన్నేళ్ళూ అవే కొవ్వొత్తులు, అవే మాటలు, అదే వలయం. గ్లెనిస్‌కు అందులో హాయిగా ఉండేది. మిగతావాళ్ళకు ఆవలింతలు వస్తున్నాయని మాత్రం మొన్న జూన్‌లోనే తెలిసింది. చెప్పింది థెల్మా. పూజలో నలుగురు నాలుగు దిక్కులకు నిలబడి వాటిని పిలుస్తారు, ఆమెది ఉత్తరం.

"చెప్తే బాధపడకు గ్లెనిస్. మొన్న దిక్కుల్ని పిలిచేటప్పుడు నేను నిలబడే నిద్రపోయాను."

"ఉత్తరమంటే నిశ్చలం కదా. బాగా లీనమయ్యావనుకున్నాను."

"గురక కూడా పెట్టానట."

"గాలి అనుకున్నాను."

పక్క ఊరు మార్ల్‌టన్‌లో ఇంకో బృందం ఉంది. వాళ్ళు పండుగకో కొత్త పద్ధతి పెడతారు, డప్పులు కొడతారు, ముసుగులు వేసుకుంటారు. వాళ్ళు థెల్మానూ ఇంకో ఇద్దరినీ రమ్మని పిలిచారు. లామాస్ దాకా చూసి ఏ సంగతీ తేల్చుకుంటామని థెల్మా మర్యాదగానే చెప్పింది. ముగ్గురు పోతే మిగిలేది నలుగురు. నాలుగు దిక్కులకు నలుగురూ నిలబడితే మధ్యలో పూజ చేయడానికి మనిషి ఉండదు. గ్లెనిస్ మూడు వారాలు సరిగ్గా తిండి తినలేదు.

చివరికి ఆమెకు తట్టిన ఆలోచన మౌనం. ఇన్నేళ్ళూ మాటలే విసుగు పుట్టించాయి కాబట్టి, ఈసారి మాటలే వద్దు. ఎవరి ఇంటి గడప వాళ్ళు దాటిన క్షణం నుంచి రొట్టె విరిచి నోట్లో పెట్టుకునేదాకా ఏడుగురిలో ఎవ్వరూ ఒక్క ముక్క మాట్లాడకూడదు. ఏం చెప్పాలన్నా సైగలే. ఎవరు నోరు జారినా పూజ భగ్నమైనట్టే. అందరికీ ఉత్తరాలు రాసింది.

రెండో కొత్తదనం క్లైవ్ రడ్జ్. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, గడ్డి మీద బంతులు దొర్లించే బౌల్స్ ఆటగాడు, బృందంలో ఏకైక మగవాడు. కోతకు ఒరిగిపోయే ధాన్యపు రాజుగా అతను గడ్డి మీద పడుకోవాలి, మీద గోధుమ పనలు కప్పాలి, రొట్టె విరిచాక లేవాలి. రెండు వారాల క్రితం క్లైవ్‌కు పిత్తాశయంలో రాళ్ళు తీశారు. ఆ తర్వాత హెరెఫర్డ్‌లో చెల్లెలి దగ్గర ఉండి, ముందురోజు సాయంత్రమే ఊళ్ళోకి వచ్చాడు. పడుకునే వేషం అనగానే ఎంతో సంతోషంగా ఒప్పుకున్నాడు.

ఎనిమిదిన్నరకు గ్లెనిస్ నల్లటి అంగీ తొడుక్కుని, చంకలో రొట్టె, చేతిలో కొడవలి పట్టుకుని గడప దాటింది. పక్కింటి ఎనిడ్ ప్రాసర్ పూలమొక్కలకు నీళ్ళు పోస్తోంది. ముందు వాన గురించి అడిగింది, తర్వాత మోకాళ్ళ గురించి. గ్లెనిస్ పెదాల మీద వేలు పెట్టుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని, సూర్యుణ్ణి చూపించింది. మధ్యాహ్నం దాకా మౌనవ్రతం అని దానర్థం. ఎనిడ్ ఆకాశంలోకి చూసింది, ఆ నల్ల అంగీని చూసింది. ఆమె మొహం మారిపోయింది.

"క్లైవ్ ఎలా ఉన్నాడమ్మా? ఆపరేషన్ అయిందన్నారు కదా."

ఈ ప్రశ్నకు గ్లెనిస్ దగ్గర మంచి సైగ ఉంది. రెండు చేతులూ చెంప కింద చేర్చి, కళ్ళు మూసుకుని, తల వాల్చింది. ఇవాళ అతనిది పడుకునే వేషం అని.

ఎనిడ్ చేతిలోని నీళ్ళ డబ్బా కిందకు దిగింది. "వెళ్ళిపోయాడా?"

క్లైవ్ పొద్దున్నే మైదానానికి వెళ్ళిపోయిన మాట నిజమే. గ్లెనిస్ నవ్వుతూ హుషారుగా తలూపింది.

"ఎప్పుడు?"

ఎనిమిది వేళ్ళు చూపించింది.

"అయ్యో. మరి ఎక్కడ చేస్తున్నారు? మేమూ రావచ్చా? మీ పద్ధతిలో బయటివాళ్ళు రాకూడదంటే చెప్పు, ఏమీ అనుకోను."

ఇరవై రెండేళ్ళలో పొరుగువాళ్ళెవరూ పూజకు వస్తామని అడగలేదు. గ్లెనిస్‌కు కళ్ళు చెమర్చాయి. నది వైపు మైదానాన్ని చూపించి, రొట్టె విరిచే వేళ పన్నెండు గంటలకని పది వేళ్ళూ మళ్ళీ రెండు వేళ్ళూ చూపించి, ఎనిడ్‌ను కౌగిలించుకుని ముందుకు కదిలింది. ఎనిడ్ నీళ్ళ డబ్బా అక్కడే వదిలేసి ఫోన్ దగ్గరకు పరుగెత్తడం ఆమె చూడలేదు.

దారిలో చిన్న చిన్న పనులు చూసుకుని పోస్టాఫీసు వీధికి చేరేసరికి పది దాటింది. ఈలోగా ఊరు ఎంత మెత్తబడిపోయిందో చూసి గ్లెనిస్ ఆశ్చర్యపోయింది. పోస్టాఫీసు ముందు ఇద్దరు ముసలివాళ్ళు ఆమెను చూసి టోపీలు తీశారు. పూల కొట్టు ఆవిడ బయటికొచ్చి గుత్తెడు తెల్ల లిల్లీలు చేతిలో పెట్టి, భుజం నొక్కి, మాట్లాడకుండా లోపలికి వెళ్ళింది. బౌల్స్ క్లబ్బు మీద జెండా సగానికి దిగి ఉంది. తాడు జారి ఉంటుందనుకుంది. మనిషి మౌనంగా ఉంటే చుట్టూ ఉన్నవాళ్ళలో మంచితనం ఇంతగా పైకొస్తుందా అని, ఇన్నేళ్ళూ అనవసరంగా మాట్లాడినందుకు నొచ్చుకుంది.

పదకొండున్నరకు పూజ మొదలైంది. నది ఒడ్డున గడ్డి పరిచి క్లైవ్‌ను పడుకోబెట్టారు. ఎండిన ధాన్యంలా పాలిపోయి కనిపించాలని మొహానికి పిండి రాశారు. మెడ దాకా గోధుమ పనలు, గుండెల మీద ఆ లిల్లీలు, తలకు గోధుమ కంకుల కిరీటం. ఆరుగురూ చుట్టూ నిలబడ్డారు. క్లైవ్ కళ్ళు మూసుకుని హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. నది చప్పుడు తప్ప ఏమీ లేదు. గ్లెనిస్ ఓరకంట థెల్మాను చూసింది. థెల్మా గడ్డం అప్పుడే కొంచెం కొంచెంగా గుండె మీదకు వాలుతోంది.

సరిగ్గా పన్నెండుకు మైదానం గేటు తెరుచుకుంది.

ఎనిడ్ ఒకరిద్దరితో వస్తుందనుకుంటే మొత్తం నలభై మంది వచ్చారు. అందరూ నల్లబట్టల్లో ఉన్నారు. బౌల్స్ క్లబ్బు జట్టు కోట్లు తొడుక్కుని రెండు వరసల్లో నడుస్తోంది. కొందరి చేతుల్లో దండలున్నాయి. ఎనిడ్ చేతిలో పళ్ళెం నిండా గుడ్డు శాండ్‌విచ్‌లు. అందరికంటే ముందు చర్చి పాస్టరు హంఫ్రీ గారు, బైబిలు గుండెకు హత్తుకుని.

పొద్దున్నుంచీ జరిగిందంతా గ్లెనిస్ కళ్ళ ముందు వెనక్కి తిరిగింది: లిల్లీలు, టోపీలు, జెండా, ఎనిడ్ అడిగిన ఆ మాట. నోరు తెరిచి ఒక్క ముక్క చెప్తే చాలు. చెప్పబోయి మళ్ళీ థెల్మా వైపు చూసింది. థెల్మా కళ్ళు చారడేసి చేసుకుని నిటారుగా నిలబడి ఉంది. ఉత్తర దిక్కు ఇంత మెలకువగా ఉండడం ఎన్నేళ్ళయిందో. గ్లెనిస్ నోరు మూసుకుంది.

పాస్టరు గారు దగ్గరికొచ్చి, మతాలు వేరైనా మనిషి మనవాడే కదా, రెండు మాటలు చెప్పుకోవచ్చా అని మెల్లగా అడిగారు. ఏం చేయాలో తోచక గ్లెనిస్ రెండు చేతులూ పైకెత్తింది. ఆయన దాన్ని అనుమతి అనుకున్నారు.

క్లైవ్ ముప్పై ఒక్క ఏళ్ళు ఎనిమిదో నంబరు బస్సు నడిపాడనీ, కర్ర పట్టుకుని వచ్చే ముసలమ్మ దూరంగా కనబడితే ఎంత ఆలస్యమైనా బస్సు కదిపేవాడు కాదనీ ఆయన చెప్పారు. ఆ తర్వాత ఒకావిడ ముందుకొచ్చింది. తనకు బస్సులోనే నొప్పులు మొదలైతే క్లైవ్ దారి మళ్ళించి, ప్రయాణికులందరితో సహా నేరుగా ఆసుపత్రికి తీసుకుపోయాడని చెప్పి, ఆ రోజు పుట్టిన పిల్లకు ఇప్పుడు పెళ్ళయిందని ఏడ్చింది. క్లైవ్ మొహం మీది పిండిలో కంటి కొస నుంచి చెవి దాకా సన్నటి తడి గీత పడింది. అది ఆరుగురికే కనిపించింది. మిగతావాళ్ళు జేబురుమాళ్ళు వెతుక్కుంటున్నారు.

చివరగా బౌల్స్ క్లబ్బు కెప్టెన్ వాల్టర్ గఫ్ వచ్చాడు. టోపీని చేతుల్లో తిప్పుతూ మొదలుపెట్టాడు.

"ఆరేళ్ళ కిందట ఫైనల్లో గురి బంతికి నీ బంతే దగ్గరగా ఉంది క్లైవ్. కొలిచేవాళ్ళు వచ్చేలోపు నేను కాలి బొటనవేలితో నీ దాన్ని కొంచెం అటు జరిపాను. ఇంతే, రెండంగుళాలు. ఆ కప్పు మా హాల్లో ఉంది. దాని పక్కన కూర్చుని నేను ఏనాడూ సుఖంగా టీ తాగలేదు."

గోధుమ పనలు కదిలాయి. క్లైవ్ లేచి కూర్చున్నాడు.

"నాకు అప్పుడే తెలుసురా వాల్టర్. తడి గడ్డి మీద నీ బూటు గుర్తు చూశాను."

ఎనిడ్ చేతిలోని పళ్ళెం పడిపోయింది. బౌల్స్ జట్టు ఉన్నపళాన గేటు దాకా వెనక్కి వెళ్ళింది. వాల్టర్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ముప్పై ఏళ్ళుగా పునరుత్థానం గురించి బోధిస్తున్న పాస్టరు గారు, అది కళ్ళెదుట జరిగేసరికి వెనక్కి వెనక్కి నడిచి నదిలో మోకాళ్ళ లోతున ఆగారు.

గ్లెనిస్ చప్పున రొట్టె విరిచి ఒక ముక్క క్లైవ్ నోట్లో కుక్కి, ఒకటి తన నోట్లో వేసుకుంది. క్లైవ్ ముందే నోరు జారాడన్న సంగతి ఎవరూ లెక్కపెట్టకముందే వ్రతం ముగిసింది. గబగబా నమిలి, ఊళ్ళోవాళ్ళకు మొదటి నుంచీ చెప్పుకొచ్చింది.

"పోయాడని తలూపావు కదమ్మా," అంది ఎనిడ్.

"మైదానానికి పోయాడని ఊపాను."

"నవ్వావు కూడా. మీ మతంలో చావుకు నవ్వుతారేమో అనుకున్నాను."

పొద్దున దుకాణం మూసి వచ్చినవాళ్ళున్నారు, దండలకు పూలు కోసి తోట బోడి చేసుకున్నవాళ్ళున్నారు. వాళ్ళ కోపమంతా ఇప్పుడు ఎటు తిరుగుతుందోనని గ్లెనిస్ భయపడింది. అప్పుడు క్లైవ్ నోట్లో రొట్టె మింగి, గడ్డి సర్దుకున్నాడు.

"ఇంకెవరైనా చెప్పేది మిగిలుంటే చెప్పండి. మళ్ళీ పడుకుంటాను."

ముందు నవ్వింది బస్సులో నొప్పులొచ్చిన ఆవిడ. ఆ తర్వాత మైదానమంతా నవ్వే. గడ్డి మీద పడ్డ శాండ్‌విచ్‌లు దులుపుకుని తిన్నారు, పండుగ రొట్టె నలభై ఏడు ముక్కలైంది. పాస్టరు గారు మేజోళ్ళు విప్పి ఎండలో ఆరేసుకున్నారు. వాల్టర్ ఇంటికి వెళ్ళి కప్పు తెచ్చి క్లైవ్ ఒళ్ళో పెట్టాడు. ఇద్దరూ ఆ కప్పులోనే పళ్ళసారా పోసుకుని తాగారు.

అందరూ సర్దుకుంటుండగా థెల్మా గ్లెనిస్ దగ్గరకొచ్చి, మార్ల్‌టన్‌కు ఫోన్ చేయాలంది. గ్లెనిస్ తల దించుకుని, సరే, నీ ఇష్టమంది.

"రావడం లేదని చెప్పాలి కదా," అంది థెల్మా. "ఇరవై రెండేళ్ళలో మొదటిసారి పూజలో ఏడ్చాను గ్లెనిస్. కానీ ఒక్క షరతు. వచ్చే ఏడూ అచ్చం ఇలాగే చేయాలి. ఒక్క ముక్క మార్చకూడదు."

వచ్చే లామాస్‌కు పడవల్లో చేద్దామని గ్లెనిస్ అప్పుడే మనసులో ఓ కొత్త పద్ధతి అల్లుకుంటోంది. నోరు తెరవబోయింది. థెల్మా వెనకాల ఎనిడ్, వాల్టర్, పూల కొట్టు ఆవిడ, ఇంకా పోస్టాఫీసు ముసలివాళ్ళిద్దరూ నిలబడి, మార్చకూడదని ఒక్క గొంతుతో అన్నారు. ఆ గుంపును చూశాక గ్లెనిస్‌కు తెలిసొచ్చింది, ఇంకో ఇరవై రెండేళ్ళు తను మళ్ళీ ఒకే పూజ చేయబోతోందని.

గడ్డిలో పడుకునే వేషానికి ఆ సాయంత్రం లోపలే పదకొండు మంది పేర్లిచ్చారు. మొదటి పేరు పాస్టరు గారిది.