ఎనభై డిగ్రీల వేడికి దరఖాస్తు

ఆదోనిలో వేడికి కొరత ఉందని ప్రభుత్వ రికార్డుల్లో నమోదై ఉంది. వేసవిలో నలభై మూడు డిగ్రీలు చూసే ఊరి గురించి ఇలా రాయాలంటే గుండె ధైర్యం కావాలి. అది మా గింజల నాణ్యతా నిర్ధారణ కార్యాలయంలో పుష్కలంగా ఉంది. (మాది అని ఎందుకంటున్నానంటే, దాని గేటు పక్కన బల్ల వేసుకుని పన్నెండేళ్లుగా అర్జీలు రాస్తున్నాను. లోపలివాళ్లు బదిలీ అవుతుంటారు, నేను కాను.)

కొత్త నిబంధన ప్రకారం, బూజు విషం లేదని పరీక్షాపత్రం ఉంటేనే వేరుశనగ మార్కెట్ యార్డులోకి పోవాలి. దేవనకొండ రైతు ఏసన్న ముప్పై రెండు బస్తాలు తెచ్చి గేటు బయట దించాడు. వాటిమీద ఒక టార్పాలిన్, దానిమీద మబ్బు. వాన పడితే బస్తాలు తడుస్తాయి, తడిస్తే బూజు పడుతుంది. అంటే బూజు లేదన్న పత్రం కోసం వేచి ఉండేవారికి బూజు పట్టే సదుపాయం కూడా కార్యాలయమే కల్పించింది.

పరీక్ష చేసేది లోపలి గదిలో ఉండే నాగవేణి. ఆమె దగ్గర గ్రాఫీన్ ఆక్సైడ్ అనే నల్లపొడి ఉంది, పెన్సిల్ ముల్లుకు దగ్గరి చుట్టం. మెరిసే రంగు తగిలించిన డీఎన్‌ఏ పోగులను అందులో కలిపితే, పొడి వాటిని పట్టుకుని వెలుగు ఆర్పేస్తుంది. గింజల్లో విషం ఉంటే పోగులు పొడిని వదిలి విషాన్ని పట్టుకుంటాయి, గాజుగొట్టం పచ్చగా వెలుగుతుంది. వెలిగితే చెడు, వెలగకపోతే మంచి. ఈ సంగతి కార్యాలయానికి అర్థమయ్యేలా చెప్పడం ఆమె మూడు వారాల క్రితం మొదలుపెట్టింది, ఇంకా పూర్తి కాలేదు.

చిక్కేమిటంటే, పొడి పచ్చిది, పట్టు చాలదు. దాంతో చూస్తే కుళాయి నీళ్లు కూడా వెలుగుతాయి. ఎనభై డిగ్రీల దగ్గర ఐదు రోజులు ఆపకుండా వేడిలో ఉంచితేనే పని చేస్తుంది. కార్యాలయం ఓవెనేమో సాయంత్రం ఐదుకు ఆపేస్తారు (విద్యుత్ పొదుపు ఉత్తర్వు, అధికారి గారి ఏసీకి వర్తించదు).

ఉప గింజాధికారి మధుసూదన్ గారు బల్ల సొరుగులోంచి గుప్పెడు బుడ్డలు, అంటే మా వైపు వేరుశనగలు, తీసి నములుతూ లెక్క కట్టారు.

"ఐదు దినాలంటే నూటా ఇరవై గంటలు. ఆఫీసు దినానికి ఏడు గంటలు. పదిహేడు పనిదినాలు, మీద ఒక గంట. ఇచ్చినాను పో."

"మధ్యలో ఆరిపోతే లాభం లేదు సార్," అంది నాగవేణి.

"అన్నం కూడా ఆరుతాదమ్మా. మళ్లీ వేడి చేసుకోమా?"

రాత్రిపూట ఓవెన్‌కు అనుమతి కోరుతూ దరఖాస్తు నేనే రాశాను. 'వేడి దేనికి?' అన్న గడిలో రెండే జవాబులున్నాయి: చలి, వంట. వంట అని గీత పెట్టాను. ఏ కూరో రాయలేదని తిప్పి పంపారు.

ఏసన్న నా బల్ల దగ్గర కూలబడ్డాడు. "మబ్బుకేమన్నా ఫారం ఉందా అన్నా? ఉంటే రాసీ, పదిహేడు దినాలు ఆగమని." నాకు ఒళ్లు మండింది.

ఎమ్మిగనూరులో మా మేనత్త హులిగమ్మకు బొరుగుల, అంటే మరమరాల, బట్టీ ఉంది. పగలంతా బొరుగులు వేగుతాయి, పొద్దుగూకాక వేరుశనగ పొట్టు కప్పి నిప్పు నిలబెడతారు. అది చల్లారగా నేను చూడలేదు (మా వైపు పొద్దున్నే ఆ బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన ఉగ్గాని తినకుండా ఎవరూ బతకరు కాబట్టి). పొడిని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని నాగవేణి, నేను బస్సెక్కాం.

"ఎనభై డిగ్రీలు కావాలమ్మా," అంది నాగవేణి.

"అంకెలు నాకు సెప్పొద్దు పాపా. ఈ గూట్లో సెయ్యి పెట్టు. పది లెక్కబెట్టేలోగా తియ్యబుద్ధయితే, అదే."

నాగవేణి థర్మామీటరు పెట్టి చూసింది. ఎనభై. మరుసటి రోజూ ఎనభై. అత్త అడిగింది ఒకే ప్రశ్న: "ఏగితే ఉబ్బుతాదా?" ఉబ్బదంటే, "అట్లయితే ఏం యాపారం లే" అని నిప్పు చూసుకోవడానికి పోయింది.

ఆరో రోజు ఆ పొడితో కార్యాలయంలో ఏసన్న గింజలకు పరీక్ష జరిగింది. గొట్టం వెలగలేదు. ఏసన్న తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. బయట ఉరుము వినిపించింది.

"వెలగలేదు," అన్నారు మధుసూదన్ గారు.

"వెలగకపోతేనే మంచివి సార్."

"వెలగనిదాన్ని పనిచేస్తాందని నేనెట్ల సంతకం పెట్టేది?"

నాగవేణి ఒక్క క్షణం ఆలోచించి, ఆయన సొరుగులోంచి నాలుగు బుడ్డలు తీసుకుపోయింది. ఈసారి గొట్టం ఎంత పచ్చగా వెలిగిందంటే, గోడమీద ఉన్న పొదుపు ఉత్తర్వు కూడా చదవగలిగాం.

మధుసూదన్ గారి ముఖం విప్పారింది. "సూడు, ఎట్ల వెలిగిందో. ఆఫీసు బుడ్డలంటే మాటలా?" పరీక్ష పనిచేస్తోందని వెంటనే సంతకం పెట్టారు. నాగవేణి సొరుగు మొత్తం నమూనాగా స్వాధీనం చేసుకుని రసీదు ఇచ్చింది. ఆయన దాన్ని గర్వంగా జేబులో పెట్టుకున్నారు.

ఒక్క గడి మిగిలింది. కార్యాలయం గింజలతో పోల్చి చూస్తే ఏసన్న గింజల్లో వెలుగు బొత్తిగా లేదు కాబట్టి, రైతు సంజాయిషీ ఇవ్వాలి. ఏసన్న చెప్పాడు, నేను రాశాను: "మా బుడ్డలు మంచియి సార్. అందుకే ఎలగలేదు."

తొలి చినుకులు పడేసరికి చివరి బస్తా యార్డు షెడ్డు లోపలికి చేరింది. పత్రం మీద అధికారి గారు స్వహస్తాలతో రాసిన మాట ఇది: "రైతు తప్పు ఒప్పుకున్నందున, ఈసారికి క్షమించడమైనది."