మిక్సీ పెట్టెలో ఫ్రెంచి తత్వం

తత్వశాస్త్రం మాస్టారు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. మిక్సీ వచ్చిన అట్టపెట్టెకు నల్లరంగు పూయాలి. దానికో రంధ్రం చేసి, కెమెరా కన్నులా పాత టార్చిలైటు అద్దం అతికించాలి. ఎవరూ రాకముందే కాలేజీ స్టాఫ్‌రూము గోడకు తగిలించాలి. మధ్యాహ్నం ప్రసంగంలో దాన్ని తెరిచి, "చూశారా, లోపల ఏమీ లేదు!" అనాలి. అంతే.

ప్రసంగం ఒక ఫ్రెంచి తత్వవేత్త గురించి. ఎవరో చూస్తున్నారన్న అనుమానం చాలు, చూసేవాడు లేకపోయినా మనిషి తనంతట తానే బుద్ధిగా మసలుకుంటాడని ఆయన సిద్ధాంతం. ఆయన పోయి ఏళ్లు గడిచినా గిరాకీ తగ్గలేదు. చరిత్ర వాళ్లు మావాడంటారు, సాహిత్యం వాళ్లు కాదు మావాడంటారు, భవనాలు కట్టడం నేర్పేవాళ్లూ, నర్సింగు నేర్పేవాళ్లూ వాటాకొస్తారు. అన్ని శాఖల మీదా ఆయన గూడు కట్టుకున్నాడు. ఆకులు రాలుతున్నది తత్వశాస్త్ర శాఖకే.

ఆ శాఖలో ఉన్నది మాస్టారొక్కరే. తలా ఆయనే, తోకా ఆయనే, మధ్యలో పొట్టా ఆయనదే. ప్రిన్సిపాల్ మేడమ్ నిన్ననే తేల్చేశారు: "రేపు మీ ప్రసంగానికి మిగతా శాఖల వాళ్లు రావాలి మాస్టారూ. రాలేదనుకోండి, మీ శాఖ మూసేసి గది క్యారమ్ బోర్డులకిచ్చేస్తాను. మీరు టైపు నేర్పుదురుగాని."

మాస్టారికి టైపు రాదు.

ఇంట్లో ఆ మిక్సీ కొన్న రోజు నుంచీ అరవడమే గాని తిరగడం లేదు. దాన్ని పెట్టెతో సహా షాపులో ఇచ్చేయాలని భార్య ముందురోజే చెప్పింది. మాస్టారు శ్రద్ధగా తలూపారు. ఆ శ్రద్ధంతా తత్వవేత్త మీద, ఆ ఊపంతా భార్య వైపు.

పెట్టె గోడకెక్కాక స్టాఫ్‌రూముకు మొదట వచ్చింది ఆర్థికశాస్త్రం మాస్టారు. రోజూ పేపరు మొహమ్మీద కప్పుకుని ఒక కునుకు తీయనిదే ఆయనకు దినం మొదలవదు. కుర్చీలో వాలబోయి, గోడ మీది నల్లపెట్టెను చూశాడు. గాజుకన్ను తళుక్కుమంది. పేపరు మడిచేసి, బీరువా అడుగునుంచి పోయిన పరీక్షల జవాబుపత్రాలు దులిపి తీశాడు. తర్వాత సాహిత్యం మేడమ్ వచ్చింది. అమ్మకానికి తెచ్చిన హ్యాండ్‌బ్యాగుల మూట బల్లకిందికి తన్నేసి, ఎవరూ అడగకుండానే ఒక వ్యాకరణ పుస్తకం తెరిచింది. చరిత్ర మాస్టారు ఫోనులో ఆడుతున్న చదరంగం ఆపి, ఓడిపోయిన రాజుల జాబితా రాయడం మొదలుపెట్టాడు.

తత్వశాస్త్రం మాస్టారికి ఒళ్లు పులకరించింది. సిద్ధాంతం నడుస్తోంది! నడవడమేమిటి, పరిగెత్తి ఆయన్ని దాటిపోయింది. ఎందుకంటే ఇంతలో ప్రిన్సిపాల్ మేడమ్ వచ్చారు. సిబ్బంది పని చేస్తుండటం ఆవిడ ఎన్నడూ చూసి ఎరగరు. గాభరాగా చుట్టూ చూస్తే పెట్టె కనపడింది.

"ఎవరు పెట్టించారిది?" అన్నారు గొంతు తగ్గించి.

"మేనేజ్‌మెంటే అయ్యుంటుందండి," అన్నాడు ఆర్థికం మాస్టారు, పెట్టెకేసి నమస్కారంలాంటిది ఒకటి పెట్టి.

తనకు చెప్పకుండా పెట్టించారంటే తనను చూడటానికే అనుకున్నారు మేడమ్. చెల్లెలితో మొదలైన ఫోను మధ్యలోనే కట్ చేసి, ఫైళ్లు తెప్పించుకుని, పెట్టెకు ఎదురుగా నిటారుగా కూర్చున్నారు.

ప్రసంగం వేళయింది. హాల్లో ఉన్నవి కుర్చీలూ, మాస్టారూ. కాసేపు చూసి ఆయన స్టాఫ్‌రూముకు పరిగెత్తుకొచ్చారు.

"రండి సార్, మొదలుపెడదాం!"

"డ్యూటీ టైములో ప్రసంగాలు వినడం నాకలవాటు లేదు మాస్టారూ!" అని పెట్టెకు వినపడేలా అరిచాడు ఆర్థికం మాస్టారు. తర్వాత పెదాలు కదపకుండా, "పైనుంచి చూస్తున్నారు. పొండి!" అన్నాడు.

"అబ్బ, అది ఖాళీ పెట్టె! నేనే తగిలించాను!"

సాహిత్యం మేడమ్ కళ్లెర్రజేసింది. "అయితే మేనేజ్‌మెంటు మనిషి మీరేనన్నమాట! మనలో ఒకరనుకుని మీకు బ్యాగు సగం ధరకిచ్చాను!"

"కాదమ్మా, అది మిక్సీ..."

"మిక్సీయా! మా మాటలు కూడా కలిపి రుబ్బి పైకి పంపుతోందా?"

మాస్టారు ప్రిన్సిపాల్ మేడమ్‌ వైపు దీనంగా చూశారు. ఆవిడ ఫైలు మీంచి తలెత్తలేదు. "నాకూ రావాలనే ఉంది మాస్టారూ. కానీ లేవలేను. ఎవరూ రాలేదు కాబట్టి మాట ప్రకారం ఆ గది..."

అప్పుడు తలుపు ధడాలున తెరుచుకుంది. చంకలో మిక్సీతో మాస్టారి భార్య.

"ఏవండీ! పెట్టె లేకుండా మిక్సీ తీసుకోనంటున్నాడు షాపువాడు. పెట్టె ఏది?" అంటూనే పైకి చూసింది. "అయ్యయ్యో! నా పెట్టెకి మసి పూశారేంటండీ!"

ఎవరూ ఆపేలోగా కుర్చీ ఎక్కి, పెట్టె దించి, బోర్లించి దులిపింది. ఒక థర్మోకోల్ ముక్క రాలింది. ఒక గ్యారంటీ కాగితం గాలిలో తేలుతూ వచ్చి ప్రిన్సిపాల్ మేడమ్ ఒళ్లో పడింది.

కాసేపటికి గానీ అందరికీ తత్వం బోధపడలేదు.

"అంటే పొద్దుట్నుంచీ నేను ఊరికే పని చేశానా!" అని ఆక్రోశించాడు ఆర్థికం మాస్టారు.

"నేను చెప్పాలనుకున్నదంతా మీరే చేసి చూపించారు," అన్నారు మాస్టారు నీరసంగా. "ఇంక ప్రసంగమెందుకు?"

"ఇలా రాజ్యాలే నడిచాయి, ఇది మా చరిత్ర!" అన్నాడు చరిత్ర మాస్టారు. "పెట్టెకు కథ అల్లింది మనం, కాబట్టి సాహిత్యం," అంది మేడమ్. "జీతాల్లేని కాపలా! ఇది అచ్చంగా మాది," అన్నాడు ఆర్థికం మాస్టారు. గది సంతలా అయింది.

ప్రిన్సిపాల్ మేడమ్ బల్ల మీద చరిచారు. "అన్ని శాఖలూ ఇక్కడే ఉన్నాయి, వింటున్నాయి, కొట్టుకుంటున్నాయి కూడా. నాకింకేం కావాలి? మాస్టారూ, మీ శాఖ ఉంటుంది. క్యారమ్ బోర్డులు నా గదిలోనే పడుంటాయి."

"శాఖ నిలబడింది సరే, ఈ మసి ఎవరు కడుగుతారు?" అంటూ భార్య పెట్టె, మిక్సీ పట్టుకుని వెళ్లిపోయింది. మాస్టారు ఆనందంగా చొక్కా పైగుండీ విప్పుకుని గాలి పీల్చుకున్నారు. "ఏమైనా సందేహాలున్నాయా?"

ఆర్థికం మాస్టారు పేపరు మొహమ్మీదికి లాక్కోబోయి, ఆగి, ఖాళీ మేకుకేసి చూశాడు.

"ఒక్కటే మాస్టారూ. అది ఉత్తిదని తేలింది కదా, మరి అసలుది ఎక్కడ పెట్టారంటారు?"

అందరూ నిటారుగా సర్దుకుని కూర్చున్నారు. మాస్టారు పైగుండీ పెట్టేసుకున్నారు.