ఒక్కపొద్దు పరగడుపు కిందకు రాదు

ఏప్రిల్ ఎనిమిదో తేదీ, బుధవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు గౌస్ బాషా మిర్చి యార్డులో టిక్కీ బస్తాల మధ్య కూలబడి, అక్కడే పోయాడు. అప్పటికి ఆయన కడుపులో ఏదైనా పడి పదకొండు గంటల నలభై నిమిషాలైంది. ‘హృదయ ముందుచూపు’ కార్యక్రమం నిబంధనల ప్రకారం పన్నెండు గంటలు ఉండాలి. ఇరవై నిమిషాలు తక్కువ.

మనిషికి గుండె ఎడమవైపు ఉంటుందని లోకం అనుకుంటుంది. అది పొరపాటనీ, ఎవరి గుండె అయినా వారి ఖాళీ కడుపులోనే ఉంటుందనీ తేల్చి చెప్పిన ఘనత ఈ కార్యక్రమానిదే. నలభై ఐదేళ్ళు దాటిన ప్రతి ఒక్కరి రక్తంలో కొలెస్ట్రాల్ ఎంతుందో చూసి, గుండెపోటు వచ్చేలోపే ఆ సంగతి వారి చెవిన వేయాలన్నది దీని ఆశయం. ఆశయం మీద ఎవరికీ అభ్యంతరం లేదు. దీనికి ఒక యాప్, రంగుల గోడపత్రిక, జిల్లాకొక సమన్వయాధికారి, కేంద్రానికొక పరగడుపు ధ్రువీకరణ సహాయకుడు ఉన్నారు. సూది కూడా ఉంది (బుధవారాలు, పదకొండు గంటల లోపు).

గౌస్ బాషా యార్డులో మిర్చి నాణ్యం చూసే మనిషి. కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపి, గింజ గలగలను బట్టి తేమ ఎంతుందో చెప్పేవాడు. తర్వాత మిషను పెట్టి చూస్తే అర శాతం అటూ ఇటూ వచ్చేది. వయసు నలభై తొమ్మిది, మనిషి సన్నం, మెట్లెక్కితే ఆయాసం లేదు. అయినా వాళ్ళ నాన్న యాభై రెండో ఏట పత్తి చేలో నిలుచున్నవాడు నిలుచున్నట్టే పోయాడన్నది భార్య కరీమున్ మర్చిపోలేదు. ఆమె ఊరి హైస్కూల్లో తెలుగు టీచరు. ఇరవై రెండేళ్ళుగా పిల్లల చేత ఒత్తులు పెట్టిస్తోంది. కార్యక్రమంలో భర్త పేరు తనే రాయించి, జనవరి ఇరవై ఒకటిన తనే వెంటబెట్టుకుని వెళ్ళింది.

సహాయకుడు ప్రభు ఒకప్పుడు ఆమె దగ్గర ఏడో తరగతి చదివినవాడు. లేచి నమస్కారం పెట్టి, ట్యాబు ముందుకు లాక్కున్నాడు.

“గౌస్ గారూ, పొద్దున్నుంచీ ఏమైనా తీసుకున్నారాండి?”

“ఏం లేదయ్యా. పొడిచెయ్, యార్డుకు పోవాలి.”

“ఐదింటికి బుల్లయ్య కొట్లో టీ తాగారు” అంది కరీమున్.

గౌస్ బాషా భార్య వంక తిరిగాడు. “నువ్వు నా తరఫునా, ఆ ట్యాబు తరఫునా?”

“తప్పు చెబితే తప్పు రిపోర్టు వస్తుంది. అప్పుడు మోసపోయేది ఎవరు?”

“ఒక్క గ్లాసు టీకి గుండె అలుగుద్దా ఏంది?”

ప్రభు తెర మీద వేలు ఆపాడు. “పాలు పోశారాండి?”

“పాలు పోయకపోతే దాన్ని టీ అంటారా?”

పాలు కలిపిన టీ ఆహారం కింద, కలపని టీ పానీయం కింద నమోదవుతాయని ప్రభు వివరించాడు. తేడా ఏమిటని కరీమున్ అడిగింది. రెండిటికీ తిరస్కరణేననీ, కారణం సంఖ్యలు మాత్రం వేరనీ అతను చెప్పాడు.

“ఇరవై మూడేళ్ళ కాపురంలో నా మీద సాక్ష్యం చెప్పడం ఇదే మొదలు” అన్నాడు గౌస్ బాషా, బయటికొచ్చి బండి తీస్తూ. కోపం లేదు, నవ్వుతున్నాడు. ఆమె కూడా నవ్వింది.

ఒకసారి తిరస్కరణకు గురైన వ్యక్తి నోటిమాట రెండోసారి చెల్లదు. పని చేసే చోటికి అతి దగ్గరలో ఉన్న టీ కొట్టు యజమాని నుంచి ‘తేనీరు సేవించలేదని ధ్రువపత్రం’ తేవాలి. ఫిబ్రవరి పదకొండున గౌస్ బాషా ఆ కాగితాన్ని యార్డు గేటు దగ్గర బుల్లయ్య చేతిలో పెట్టాడు.

“ముప్పై ఏళ్ళుగా టీ అమ్ముతున్నానని ఎవరికీ రాసివ్వలా. అమ్మలేదని రాసియ్యమంటావేందిరా గౌసూ?”

“పెట్టరా సంతకం. నీ ఆస్తి రాయించుకుంటున్నానా?”

“నువ్వు ఎదురు కొట్లో తాగలేదని నాకేం తెలుసు?”

“ఆ టీ మనుషులు తాగుతారా?”

ఈ జవాబుకు సంతోషించి బుల్లయ్య సంతకం పెట్టాడు. (ఎదురు కొట్టు సంతకం కూడా ఉండాలన్న సవరణ మార్చిలో వచ్చింది.) పత్రం కేంద్రానికి చేరేముందు ఒక్క నిమిషం కరీమున్ చేతిలో ఉంది. మొదటి వరుసలో ‘పరిగడుపు’ అని అచ్చయి ఉంది. ఆమె జేబురుమాలు తీసినంత అలవాటుగా ఎర్ర పెన్ను తీసి, గుడి కొట్టేసి, ‘పరగడుపు’ అని దిద్దింది.

దిద్దుబాట్లున్న పత్రం చెల్లదు.

“తప్పుంది కదా ప్రభూ” అంది.

“తప్పేనండీ టీచర్. కానీ అది ఆమోదం పొందిన తప్పండీ.”

మార్చి వచ్చేసరికి రంజాన్ ఒక్కపొద్దులు నడుస్తున్నాయి. తెల్లవారకముందు సహరీ భోజనం ముగిస్తే పొద్దుగూకే దాకా మంచినీళ్ళు కూడా ముట్టని నెల. తన సమస్యకు పరిష్కారం ఇంత దగ్గర్లో ఉందని ఇన్నాళ్ళూ తట్టనందుకు గౌస్ బాషా తనను తనే తిట్టుకున్నాడు. నాలుగో తేదీన ప్రభు ముందు కూర్చున్నాడు.

“ఐదింటికి ఆపేశా. సాయంత్రం ఐదున్నరకి పన్నెండున్నర గంటలు. బుల్లయ్య సంతకంతో పన్లేదు, పైవాడే సాక్షి. సాయంత్రం తియ్యి రక్తం.”

ప్రభు చాలాసేపు తెరను పైకీ కిందికీ జరిపాడు. “సాక్షి ఫోన్ నంబరు అడుగుతోందండి” అన్నాడు. సాయంత్రం పూట సూది ఉండదని కూడా చెప్పాడు. కానీ ప్రభు చెడ్డవాడు కాడు. పన్నెండున్నర గంటల ఆకలి అంటే అతనికి గౌరవమే. విషయాన్ని జిల్లాకు రాశాడు. తొమ్మిది రోజులకు సమన్వయాధికారి నుంచి వివరణ వచ్చింది:

“ఒక్కపొద్దు పరగడుపు కిందకు రాదు. పరగడుపు అనగా రాత్రి భోజనానంతరం నిద్రలో దానంతట అది సంభవించునది. మెలకువతో, ఇష్టపూర్వకంగా ఆకలికి ఓర్చుకొనుట ఉపవాసము. అది భక్తి సంబంధమే గాని రక్త సంబంధము కాదు.”

కరీమున్ దాన్ని రెండుసార్లు చదివింది. ఒక్క అక్షరదోషం లేదు.

“పోనీ బయట ల్యాబులో చేయిద్దామండీ” అంది.

“మూడుసార్లు తిరిగిందంతా ఏట్లో పోసినట్టేనా? పేరు జాబితాలో ఉందిగా, ఎక్కడికి పోద్ది? పండగ కానియ్.”

పండగ అయింది. ఏప్రిల్ ఎనిమిది, ఉదయం ఎనిమిదిన్నరకు రమ్మని మెసేజీ వచ్చింది. ఆ రోజు యార్డు గేటు దగ్గర ఏం జరిగిందో బుల్లయ్య తర్వాత ఇంటికొచ్చి చెప్పాడు. “గ్లాసు చూపించి పిలిచానమ్మా. వద్దని చెయ్యి ఊపాడు. ‘ఇయ్యాల మా టీచరమ్మ పరీక్ష, తప్పితే ఇంట్లోకి రానియ్యదు’ అని నవ్వుకుంటా లోపలికి పోయాడు.”

ఎనిమిదిన్నరకు కేంద్రంలో ఆయన పేరు పిలిచారు. పదకొండింటికి ‘హాజరు కాలేదు’ అని నమోదు చేశారు. తమ ఆరోగ్యం పట్ల నిర్లక్ష్యం వహించరాదని ఆయన ఫోనుకు మెసేజీ వచ్చింది. ఫోను అప్పుడు కరీమున్ చేతిలో ఉంది.

చనిపోయాడని ఆస్పత్రిలో రాసిచ్చిన డాక్టరు, తండ్రి సంగతి కూడా విని ఒక్క మాట అన్నాడు: “తండ్రీ ఇలాగే, ఈయనా ఇలాగే. తమ్ముళ్ళుంటే వెంటనే పరీక్ష చేయించండమ్మా.” తమ్ముడు ఒక్కడే, షబ్బీర్. నలభై మూడేళ్ళు, పత్తి మిల్లులో పని, జేబులో బీడీ కట్ట. అన్న పోయిన దగ్గర్నుంచి అతను సరిగా అన్నం తినడం లేదు.

ఇద్దత్ అనే నాలుగు నెలల పది రోజుల గడువులో భర్త పోయిన మనిషి గడప దాటకూడదు. తప్పనిసరి అవసరమైతే దాటవచ్చునని ఒక మినహాయింపు ఉంది. (నియమానికి మినహాయింపు ఉండటం ఆమెకు కొత్తగా తోచింది.) ఏప్రిల్ ఇరవై తొమ్మిది, బుధవారం, పదిన్నరకు ఆమె మరిదిని తీసుకుని కేంద్రానికి వెళ్ళింది.

ప్రభు లేచి నిలబడ్డాడు. “టీచర్...” అన్నాడు.

“ఇతనికి చూడాలి ప్రభూ. పేరు షబ్బీర్.”

షబ్బీర్‌కు నలభై ఐదు నిండలేదు. నిండనివారికి కుటుంబ చరిత్ర ఉండాలి. తండ్రి పోయేనాటికి కార్యక్రమం పుట్టలేదు కనుక ఆయన లెక్కలోకి రాడు. అన్నగారి రిపోర్టు నంబరు?

“రిపోర్టు ఏది, మీరు రక్తమే తియ్యలేదుగా.”

“రిపోర్టు లేకుండా పోయినవాళ్ళు కుటుంబ చరిత్రలోకి రారండీ” అన్నాడు ప్రభు, నేల చూస్తూ.

తెర ఎర్రగా మారింది. ‘అర్హత లేదు. ప్రమాద కారకాలు నమోదు కాలేదు.’

షబ్బీర్ మెడ సాచి చదివాడు. మూడు వారాల్లో మొదటిసారి అతని ముఖం తేలికపడింది. “చూశావా వదినా? ప్రమాదం లేదంట. పైగా ఎరుపు. మన యార్డులో ఎరుపు తిరిగితే ఫస్టు రకం.”

“నమోదు కాలేదంటే లేదని కాదు షబ్బీరూ.”

“నువ్వు టీచరమ్మవి, నీకు మాటల్లో తేడాలు కనపడతయ్. నాకు సర్కారు మాట చాలు.”

ప్రభు మాత్రం ఒక దారి కనుక్కున్నాడు. గౌస్ బాషా దరఖాస్తు ఇంకా తెరిచే ఉంది. పరీక్ష పూర్తయితే తప్ప అది మూతపడదు. పూర్తయితే రిపోర్టు వస్తుంది, రిపోర్టు వస్తే తమ్ముడికి కుటుంబ చరిత్ర ఏర్పడుతుంది. అలా చెబుతూనే తెర నొక్కి, అక్కడ కనిపించిన ప్రశ్న చూసి ఆగిపోయాడు.

“ఏమడుగుతోంది?” అంది కరీమున్.

“వద్దులెండి టీచర్.”

“చదువు.”

“చివరిసారి ఎప్పుడు భోంచేశారని.”

“ఏప్రిల్ ఏడు, సాయంత్రం ఏడున్నర. జొన్నరొట్టె, గోంగూర.”

యాప్ లెక్క వేసుకుంది. తెర ఆకుపచ్చగా మారింది. ‘పరగడుపు: 519 గంటలు. అభినందనలు, గౌస్ బాషా గారూ. మీరు అర్హులు.’

అప్పుడే లోపలి గదిలోంచి డాక్టర్ నాగజ్యోతి బయటికొచ్చింది. ఆమె నెలకొక బుధవారం ఈ కేంద్రానికి వస్తుంది. జరిగిందంతా విని, తెర చూసి, ప్రభును చూసింది.

“కొలెస్ట్రాల్‌కి పరగడుపు ఏమిటయ్యా? చాలామందికి అక్కర్లేదు. ట్రైగ్లిజరైడ్లు అనే మరో రకం కొవ్వు మరీ ఎక్కువగా కనిపిస్తే అప్పుడు మళ్ళీ పరగడుపున చూస్తాం. అంతే.”

“ఫారం అలాగే వచ్చిందండీ. షుగర్ ఫారానికి పైన పేరు మార్చి పంపారండీ” అన్నాడు ప్రభు.

కరీమున్ అడిగింది: “టీ తాగినా తియ్యొచ్చా డాక్టరు గారూ?”

“టీ తాగినా, ఇడ్లీ తిన్నా.”

“పాలు పోసిన టీ అయినా?”

“అయినా. లెక్కలో పెద్ద తేడా రాదమ్మా.”



డాక్టర్ చీటీ తీసి షబ్బీర్ పేరు రాయసాగింది. షబ్బీర్ చేతులు కట్టుకున్నాడు. “నేను పుల్లలాగా ఉన్నాను గదా డాక్టరమ్మా, నాకు కొవ్వేంది?”

“మీ అన్న లావుగా ఉండేవాడా? ఒంటి మీద కనబడే కొవ్వు వేరు, రక్తంలో తిరిగే కొవ్వు వేరు. ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ రక్తనాళం గోడలో చేరి పేరుకుంటుంది. నొప్పి ఉండదు, చప్పుడు ఉండదు. అది ఎంతుందో సూది పెడితేనే తెలుస్తుంది. ఆ ఒక్క అంకె చూసి కూడా తీర్పు చెప్పం. మీ వయసు, బీపీ, షుగర్, ఆ జేబులో బీడీ కట్ట, మీ నాన్న, మీ అన్న, అన్నీ కలిపి చూస్తాం. ఎక్కువుంటే మందులున్నాయి. ఇవాళే తీయించుకోండి.”

ప్రభు గడియారం చూశాడు. పదకొండు దాటి నాలుగు నిమిషాలు. సూదుల పెట్టెకు సీలు పడింది.

“అయితే బయట ఎక్కడైనా తీయించండి, పర్లేదు” అని చీటీ అతని చేతికిచ్చి డాక్టర్ వెళ్ళిపోయింది.

షబ్బీర్ చీటీని నాలుగు మడతలు పెట్టి బీడీ కట్ట పక్కన దోపుకున్నాడు. “మిల్లులో లోడు దిగుద్ది వదినా. రేపు పొద్దున్నే చేయించుకుంటా. ఎక్కడికి పోద్ది?”

ఆమె ఆగి అతని ముఖం చూసింది. ఆ చివరి మాట వాళ్ళ అన్నదేనని అతనికి తెలియదు.

మే ఆరో తేదీ ఉదయం ఎనిమిదిన్నరకు రావలసిందిగా గౌస్ బాషాకు మెసేజీ వచ్చింది. మంచినీళ్ళు తాగవచ్చునని కింద రాశారు. ఆయన మళ్ళీ హాజరు కాలేదు.

కరీమున్ రోజూ పొద్దున ఆరింటికి మరిదికి ఫోన్ చేస్తోంది. “అయ్యో, ఇప్పుడే టీ తాగేశా వదినా, రేపు” అంటాడు షబ్బీర్. టీ తాగితే ఏమీ కాదని, పాలు పోసిందైనా ఏమీ కాదని ఆమె రోజూ చెబుతోంది. జూన్‌లో బడులు తెరిచారు. షబ్బీర్ రక్తం ఇంకా తీయలేదు.